ఇంటి భాష, సైన్యం కోరే భాష

1941లో జపాన్‌తో యుద్ధం తప్పదనిపించేసరికి అమెరికా సైన్యం జపనీస్ వచ్చినవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు సైన్యంలో వేలమంది ఉన్నారు కదా, ఇబ్బందేముందనుకున్నారు. 3,700 మందిని పరీక్షిస్తే భాష మీద గట్టి పట్టున్నవాళ్లు నూటికి ముగ్గురే తేలారు. మరో నలుగురు ఫరవాలేదు. ఇంకో ముగ్గురు చాలాకాలం నేర్పితే పనికొస్తారు. మిగతావాళ్లది ఇంటి గడప దాటని జపనీస్.

ఆ ఏడాది నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక విమానాల షెడ్డులో 60 మందితో రహస్యంగా బడి తెరిచారు. వాళ్లలో 58 మంది జపనీస్ అమెరికన్లే. పాఠాలు చెప్పడానికి ముందుకు తెచ్చిన జాన్ ఐసో హార్వర్డ్‌లో లా చదివిన మనిషి. అప్పటిదాకా సైన్యం ఆయన్ను మోటారు బండ్ల విభాగంలో సిపాయిగా ఉంచింది. మరుసటి ఏడాది పశ్చిమ తీరంలోని జపనీస్ కుటుంబాలను ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. కన్నవాళ్లను కంచె వెనక పెట్టిన దేశానికి ఆ కుర్రాళ్లు తమ చెవినీ నోటినీ అరువిచ్చారు. ఎన్నిసార్లు తలచుకున్నా మనసు కలుక్కుమంటుంది.

ఆ బడే ఇప్పుడు కాలిఫోర్నియాలోని మాంటెరేలో డిఫెన్స్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్. అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలు సిపాయిలుగా చేరాలనుకుంటే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అక్కడ సీటుకు పెట్టే డీల్యాబ్ పరీక్షలో మీకొచ్చిన భాషలు అడగరు. కల్పించిన భాషలో నియమాలు చెప్పి, ఎంత త్వరగా పట్టుకుంటారో చూస్తారు. ఏ భాష నేర్పాలన్నది ఆ మార్కులనూ సైన్యం అవసరాన్నీ బట్టి ఉంటుంది. అరబిక్ కోరుకున్నవాళ్లకు కొరియన్ రావచ్చు. స్పానిష్‌కు 36 వారాలు, అరబిక్, చైనీస్, కొరియన్‌లకు 64 వారాలు. ఆర్మీలో చేరేటప్పుడు ఏ పనిలో పెడతారో ఒప్పందంలో రాస్తారు. ఏ భాష అన్నది సాధారణంగా రాయరు. సంతకానికి ముందే అడగండి.

ఆ చదువుతో దొరికే ముఖ్యమైన కొలువు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పరాయి సైన్యాల రేడియో మాటలు విని అర్థం రాయడం. గరగర, యాస, మింగేసిన మాటలు, అన్నీ దాటి వినాలి. దానికి అమెరికా పౌరసత్వం, అతి రహస్య సమాచారం చూసే అనుమతి ఉండాలి. పరదేశంలో ఉన్న బంధువుల గురించి కూడా ఆరా తీస్తారు. అందుకే భాష బాగా వచ్చిన వలస కుటుంబాల వాళ్లకే ఆ అనుమతి ఒక్కోసారి ఆలస్యమవుతుంది. గ్రీన్‌కార్డుతో సైన్యంలో చేరవచ్చు కానీ, పౌరసత్వం వచ్చేదాకా ఈ కొలువు అందదు.

వంటవాడిగానో మెకానిక్‌గానో ఉన్నా తెలిసిన భాషలో పరీక్ష రాసే దారి ఉంది. ఆ భాష సైన్యం జాబితాలో ఉండి, మార్కులూ అర్హతలూ కుదిరితే నెలనెలా అదనపు జీతం వస్తుంది. విభాగాన్ని బట్టి షరతులు మారుతాయి. భాష మీద పట్టు నిలిచి ఉందో లేదో ఏటా మళ్లీ పరీక్షిస్తారు.

ఆ పరీక్షలో వినడం సగం, చదవడం సగం. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంట్లో పెరిగిన కుర్రాడు ఉర్దూ కమ్మగా మాట్లాడవచ్చు. ఆ లిపి చదవడం రాకపోతే రెండో సగం దగ్గర ఆగిపోతాడు. సంతకం ఆలోచన వచ్చిన రోజునే దాదీ పక్కన కూర్చుని అలిఫ్, బే, పే దిద్దుకోవాలి.