నాలుగు బిళ్ళల డబ్బా

మా అక్కయ్య కూతురికి పెళ్ళి కుదిరిన వారానికే పోస్టులో ఓ పార్శెలు వచ్చింది. విప్పి చూద్దుముగదా, పలకంత డబ్బా, అందులో 18 రంగులు! కంటిరెప్పలకు పూసుకునే పొడిరంగులన్నమాట, ఐషాడో అంటారు. కాబోయే ఆడబడుచు ముచ్చటపడి పంపింది. పిల్ల ఆ సాయంత్రమే అద్దం ముందు కూర్చుని, అన్నిటికంటె ముద్దుగా కనిపించిన లేత గులాబీరంగు పూసుకుంది. పది నిమిషాలకల్లా మొహం కడుక్కుని వచ్చేసి, "ఇవన్నీ ఎర్రగా ఉన్నవాళ్ళకి పిన్నీ. నాకేం నప్పుతాయి!" అంది.

ఆ మాట నాకు చురుక్కుమంది. చామనచాయకంటె ఒక పిసరు తక్కువే మా రంగు. నా పెళ్ళిలో ముస్తాబు చేయడానికి వచ్చినావిడ మొహాన ఇంత పౌడరద్ది, రెప్పలకేదో వెండిరంగు రాసి పీటలమీదికి పంపించింది. ఆ ఫోటోల్లో అచ్చం బూడిదగుమ్మడికాయలా ఉంటాను. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఆల్బం బీరువా అడుగునే ఉంది. ఈ పిల్ల ఆల్బం కూడా అక్కడికే చేరడం నాకిష్టం లేకపోయింది. అందుకని తెలిసినవాళ్ళనడిగి, దొరికినది చదివి, పిల్లను వెంటబెట్టుకుని బెజవాడ బీసెంటురోడ్డులో రెండు సాయంత్రాలు తిరిగాను.

ముందు ఆ గులాబీరంగు సంగతి చెబుతాను. లేతరంగులు లేతగా ఉండడానికి వాటిలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కలుపుతారు. పచ్చని రెప్పమీద అది గులాబీగానే కనిపిస్తుంది. మన రెప్పమీద గులాబీ మునిగిపోయి తెలుపు తేలుతుంది. చూసేవాళ్ళకు విభూతి పూసుకున్నట్టుంటుంది. రంగులు తయారుచేసేవాళ్ళకు నల్లనివాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారని చాలాకాలం గుర్తే లేదనిపిస్తుంది నాకు. 2017లో రిహానా అనే గాయని ఫెంటీ బ్యూటీ పేరుతో 40 చాయల్లో ముఖానికి పూత తెస్తే, ఆ 40 అన్న అంకే పెద్ద వార్త అయి కూర్చుంది మరి!

పద్ధెనిమిదింటిలో పదిహేను పనికిరాని డబ్బాకంటె, పనికొచ్చే నాలుగు ఏరుకుని మనమే డబ్బా కట్టుకోవచ్చు. ఖాళీ డబ్బాలు విడిగా దొరుకుతున్నాయి; అడుగున అయస్కాంతం ఉంటుంది. చిన్న రేకుగిన్నెల్లో అదిమిన రంగుబిళ్ళలు కూడా విడివిడిగా అమ్ముతారు. ఎక్కువగా కనిపించేది 26 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ళ, అంటే పదిరూపాయల నాణెంకంటె వెంట్రుకవాసి చిన్నది. గిన్నె అల్యూమినియందైతే మాత్రం అయస్కాంతానికి అంటుకోదు. వెనకాల ఇనపరేకు ముక్క అతికించుకోవాలి. ఇది నేను డబ్బులిచ్చి ఇంటికొచ్చాక నేర్చుకున్న పాఠం.

ఇక ఎంపిక. మనందరం వేలికొనతో రుద్ది, "బావుంది" అని కొనేస్తాం. అక్కడే మోసపోతాం. ఎంత నల్లనివారికైనా అరచేయీ, వేలికొనలూ తెల్లగానే ఉంటాయి. కంటిరెప్పేమో చాలామందికి చెంపకంటె నల్లన. వేలిమీది రంగు రెప్పమీదికి రాదు. ముంజేతిమీద, ఎండ తగిలే వైపు రాసుకుని, కొట్టులోని ట్యూబులైట్లకింద కాక వీధిలోకి వచ్చి చూసుకోవాలి. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. అంతేగాని పదిమంది వేళ్ళుపెట్టిన నమూనా బిళ్ళను నేరుగా కంటికి తాకించకండి. ఒకరి కంటిజబ్బు ఇంకొకరికి అంటుతుంది.

మొదటి బిళ్ళ బెల్లంరంగు తీసుకున్నాం. కొట్టులో "సహజమైన రంగు" అంటూ చూపించినది గోధుమపిండిలా ఉంది; ఎవరికి సహజమో! రెండోది వక్కరంగు, రెప్ప ముడతలో నీడ తేవడానికి. ఈ రెండూ మెరుపులేనివి. వీటి గోధుమ, ఎరుపు చాయలన్నీ ప్రధానంగా ఐరన్ ఆక్సైడ్లనుంచే వస్తాయి. మన గోడలకు పూసిన జేగురు కూడా ఆ జాతిదే.

మూడోది రాగి మెరుపు. మెరుపంతా అభ్రకం చలవ. గూడూరు గనులవల్ల మనకు బాగా తెలిసినదే ఆ అభ్రకం. దాని పలుకులమీద పల్చటి పూత వేస్తారు; పూత మందం మారితే మెరిసే రంగూ మారుతుంది. మా పిల్లకు ముహూర్తం రాత్రి రెండు దాటాక. జీలకర్రాబెల్లం వేళకు పట్టుచీరె, తలంబ్రాలకు తెల్లటి మధుపర్కాలు, చుట్టూ వీడియో దీపాలు. అన్నిటికీ నిలిచింది రాగి ఒక్కటే. వెండిరంగు బిళ్ళ చూపించినవాణ్ణి నేను చూసిన చూపుకు వాడు మళ్ళీ మాట్లాడలేదు.

చేతిపనులకు వాడే తళుకుపొడి మాత్రం కళ్ళదగ్గరికి రానివ్వకండి. పలుకు కంట్లో పడితే గుడ్డుమీద గీసుకుంటుంది. చీటీమీద తయారీదారు పేరూ, తేదీ లేని చవకబిళ్ళా వద్దు. పూర్వం వేషగాళ్ళు మొహానికి పచ్చగా పూసుకున్న అరదళం ఆర్సెనిక్ కలిసిన రాయి. సౌందర్యసాధనాల్లో సీసం, ఆర్సెనిక్ కలిసిన రంగులు వాడకూడదని ఇప్పుడు మన చట్టం. కాని పేరులేని డబ్బాకు చట్టమేమిటి? ఇంకొకటి: చీటీమీద 75470 అనే అంకె ఉంటే అది నాగజెముడుమీద బతికే పురుగులనుంచి తీసిన ఎరుపు. శాకాహార నియమమున్నవాళ్ళు చూసుకోవాలి. కొందరికి దానితో దురదా వస్తుంది.

నాలుగోదానిదగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను నేరేడురంగు అన్నాను. పిల్ల నెమలికంఠం అంది. "పెళ్ళిలో నీలమేమిటే!" అన్నాను. ముంజేయి చాపి వీధి వెలుతురులో నాకు చూపించింది. ఆ చాయమీద నెమలికంఠం ఎంత నిండుగా ఉందంటే, పచ్చనిపిల్లకు అదే రాస్తే దెబ్బతగిలి కమిలినట్టుండేది. నేను నోరు మూసుకున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. రెప్పలకు ముందుగా చర్మపురంగు పూత పల్చగా రాసి, దానిమీద పొడి అద్దాం. హోమం పొగకూ, అప్పగింతల ఏడుపుకూ కూడా పెద్దగా చెదరలేదు. నీలం మాత్రం కనుకొసల్లో సన్నని గీతే.

మర్నాడు ఆ ఆడబడుచు గదిలోకి వచ్చి, "రాత్రి నీ కళ్ళకు పెట్టిందేమిటి వదినా? నేను పంపినదాంట్లో ఇది లేదే!" అంది. నాకు గుండె గుభేలుమంది. పిల్ల మాత్రం నవ్వి, డబ్బా తెరిచి, రాగిబిళ్ళను గోటితో ఊడదీసి ఆమె చేతిలో పెట్టింది.

ఇప్పుడు డబ్బాలో మూడే ఉన్నాయి. మళ్ళీ బీసెంటురోడ్డుకు వెళ్ళాలి. ఈసారి నేరేడుబిళ్ళ కూడా ఒకటి తెచ్చుకుందామనుకుంటున్నాను, నాకు.