ఒక పూట పడవ ప్రయాణం - బేరానికి ముందు అడగాల్సినవి

సంక్రాంతికి ఆడపిల్లలు, అల్లుళ్లు, మనవలు ఇంటికి చేరతారు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ అరిసెల పాకంతో, గారెల పిండితో గడిచిపోతాయి. నాలుగో రోజు పొద్దున్నే పిల్లలు "ఎక్కడికైనా తీసికెళ్లండి" అని మొదలెడతారు. సినిమా అంటే పెద్దవాళ్లకి పడదు, గుళ్లంటే పిల్లలకి విసుగు. ముసలివాళ్లు కూర్చునే చూడగలిగేది, పిల్లలు కేరింతలు కొట్టేది ఒక్కటే - నీళ్ల మీద ప్రయాణం.

మన నూజివీడు వాళ్లకి తోటలు తెలుసు, చెరువులు తెలుసు. మహా అయితే బెజవాడలో కృష్ణ, కైకలూరు దగ్గర కొల్లేరు. సముద్రం చూడాలంటే బందరు మంగినపూడి వెళ్లి, ఒడ్డున కాళ్లు తడుపుకుని వచ్చేస్తాం. సముద్రం మీదికి పడవలో వెళ్లాలని ఉన్నా అలలంటే భయం. ఆ భయం ఉన్నవాళ్లకి కాకినాడ బాగుంటుంది. కాకినాడ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అని పొడవాటి ఇసుక దీవి ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు పేరుకుని సుమారు రెండు వందల ఏళ్లలో తయారైన దీవి ఇది. పొడవు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయటి నుంచి వచ్చే పెద్ద అలలకి అదే అడ్డం. దీవికీ ఊరికీ మధ్య ఉన్న నీళ్లనే కాకినాడ బే అంటారు. బయటి సముద్రంతో పోలిస్తే ఇక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. దక్షిణం వైపు గోదావరి పాయలు, కోరంగి మడ అడవులు. ఒక్క పూటలో ఇన్ని చూడొచ్చు.

మా వైపు నుంచి కాకినాడ సుమారు 200 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటల పైనే పడుతుంది. కాబట్టి తెల్లవారి బయల్దేరి అదే రోజు పడవ ఎక్కేద్దాం అనుకోకండి. ముందు రోజు సాయంత్రానికి చేరి, రాత్రి నిద్రపోయి, పొద్దున్నే పడవ ఎక్కితేనే సుఖం. అలిసిపోయి నిద్రమొహాలతో పడవెక్కినవాళ్లకే కడుపులో తిప్పడం ఎక్కువ.

ఎప్పుడు?

వేసవి సెలవులు మనకి కుదరవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోత, గ్రేడింగు, మార్కెట్టు, ఇంట్లో ఆవకాయ జాడీలు. పైగా మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల చేపల వేట నిషేధం. ఆ తరవాత వానలు, వరదలు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. ఇక మిగిలింది డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి చివర దాకా. అప్పటికి మామిడి పూత మీద ఉంటుంది, తేనెమంచు పురుగుకి మందు కొట్టే హడావిడీ ఉంటుంది. అయినా రెండు రోజులు తెరిపి చేసుకోవచ్చు. కొల్లేటికి గూడబాతులు వచ్చేదీ, కోరంగికి వలస పిట్టలు చేరేదీ ఈ చలికాలంలోనే.

పుష్య అమావాస్య నాడు మాత్రం ఆలోచించుకోండి. దాన్ని చొల్లంగి అమావాస్య అంటారు. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టే రోజు. పుణ్యం కోసం వెళ్లేవాళ్లకి అది మంచి రోజే. పడవలో షికారుకి వెళ్లేవాళ్లకి మాత్రం ఆ జనంలో ఇబ్బంది.

టైము మనది కాదు, నీళ్లది

ఇది చాలామందికి తట్టని సంగతి. "తొమ్మిదింటికి టిఫిను చేసి వస్తాం, బోటు రెడీగా ఉంచండి" అంటాం. సముద్రం మన టిఫిను కోసం ఆగదు కదా! రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పోటంటే నీళ్లు పైకి రావడం, ఆటంటే తీయడం. అది కూడా రోజూ ఒకే వేళకి రాదు, రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఏడింటికి పోటు ఉంటే రేపు ఎనిమిదికి కాస్త ముందు. పున్నమికీ అమావాస్యకీ పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ తక్కువ. అష్టమి ప్రాంతాల్లో తేడా తక్కువ. పంచాంగం చూడ్డం వచ్చిన ఇల్లాలికి ఇది చెప్పాల్సిన పని లేదు.

కాకినాడ బే అంత లోతు కాదు. కోరంగి అడవిలోని కాలవలైతే ఆటు వేళ అడుగున బురద కనిపిస్తుంది. అప్పుడు వెళ్తే పడవ లోపలి దాకా పోదు, పోయినా ఇరుక్కుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా దోమల మధ్య కూర్చోవాలి. అందుకని ముందు "రేపు పోటు ఎన్నింటికి బాబూ?" అని అడిగి, దాన్నిబట్టి మన ఇడ్లీలు ఎన్నింటికి తినాలో పెట్టుకోవాలి. పోటు ఎక్కుతున్నప్పుడు లోపలికి వెళ్లి, తీయడం మొదలయ్యే వేళకి తిరుగుముఖం పడితే అన్నీ చక్కగా చూడొచ్చు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది, నీళ్లు రేగుతాయి. పొద్దున్నే పోటు ఉన్న రోజు దొరికితే అంతకంటే ఏం కావాలి!

మనం అడగాల్సినవి

సామాన్యంగా మన ఇళ్లలో పడవ బేరం మగవాళ్లు చేస్తారు. వాళ్లు అడిగేది ఒకటే, "ఎంత?" తరవాత "కాస్త తగ్గించు". మిగతావన్నీ మనం అడగాలి. ఆయన "ఏం కాదులే, ఊరుకో" అన్నా అడగాలి.

ఎందుకంటే, 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. మనకి గంటన్నర దూరం. నదీ సంగమం దగ్గర హారతి చూడబోయిన వాళ్లు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో ఎక్కిన వాళ్లు డెబ్బై మందికి పైగా. సగం మందికి పైగా ఇంటికి రాలేదు. ఆ బోటుని నెల దాటాక నీళ్లలోంచి పైకి తీసింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందమే. ఈ సంగతులు పండగపూట భయపెట్టడానికి రాయడం లేదు. ఆ రోజుల్లో ఎక్కినవాళ్లూ మనలాగే పులిహోర డబ్బాలు పట్టుకుని సరదాగా వెళ్లినవాళ్లే.

బోటు మీద ఎంతమందికి పర్మిషనో రాసి ఉంటుంది. లేకపోతే కాగితం చూపించమనండి. 2021లో వచ్చిన కొత్త జలరవాణా నౌకల చట్టం ప్రకారం నదుల్లో, కాలవల్లో తిరిగే మరబోట్లకి రిజిస్ట్రేషను, తనిఖీ సర్టిఫికెట్టు ఉండాలి. "చూపిస్తానమ్మగారూ" అన్నవాడు మంచివాడు. "అవన్నీ ఎందుకండీ, ఇరవై ఏళ్లుగా తిప్పుతున్నాం" అన్నవాడికి దండం పెట్టి ఇంకో బోటు చూసుకోవాలి. లెక్కలో చంటిపిల్లలు కూడా మనుషులే. పన్నెండు మంది ఎక్కే బోటుకి మన బలగం పద్నాలుగైతే ఇద్దరిని ఒళ్లో కూర్చోబెట్టడం కాదు, రెండో బోటు మాట్లాడుకోవాలి. ఖర్చు ఎక్కువే మరి. అరిసెలకి నెయ్యి తగ్గించి అయినా సరే, ఇక్కడ తగ్గించకూడదు.

రేటు బోటుకా, మనిషికా? ఎన్ని గంటలకి? డీజిలు అందులోనేనా? దీవి దగ్గర ఆగితే వెయిటింగు వేరేనా? ఇవి ఒడ్డునే తేలాలి. వాతావరణం బాగోక ఆగిపోతే అడ్వాన్సు వెనక్కిస్తారా అన్నది కూడా. ఎందుకంటే, ఇచ్చిన డబ్బు పోతుందని మనసు పీకి, గాలి ఎక్కువగా ఉన్న రోజు కూడా "వెళ్దాం, వెళ్దాం" అని మనమే సరంగుని తొందర పెడతాం.

హోప్ ఐలాండ్ మీద దిగనిస్తారో లేదో ముందు రోజే అటవీశాఖ వాళ్లనో టూరిజం వాళ్లనో అడిగి కనుక్కోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డు నంబరు 1554, మామూలు అత్యవసరానికి 112. ఫోనులో సిగ్నలున్నప్పుడే ఎక్కించుకోండి.

చీరా, లైఫ్ జాకెట్టూ

జాకెట్లు ఉన్నాయా అని అడిగితే "ఉన్నాయి" అంటారు. సీటు కింద మూట కట్టి ఉంటాయి. బయటికి తీయించి, మనిషికొకటి లెక్కపెట్టుకుని, ఒడ్డునే తొడుక్కోవాలి. బక్కిల్సు అన్నీ పెట్టుకున్నాక ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవుల దాకా లేచిందంటే వదులని అర్థం. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్టు వేయకూడదు, నీళ్లలో అది పైకి తేలిపోయి పిల్లవాడు కిందికి జారతాడు. పిల్లల సైజువి, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నవి అడగాలి. లేవంటే ఆ పిల్లల్ని ఒడ్డునే ఉంచాలి, లేదా ఆ బోటు వద్దు.

చీరలో పడవెక్కడం మనకి అలవాటే. కానీ తడిసిన ఆరు గజాలు కాళ్లకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకే కష్టం. కుదిరినవాళ్లు చుడీదార్ వేసుకోండి. అత్తగారు చీర మానరు, సరే. కుచ్చిళ్లు కాస్త పైకి కట్టించి, పైట జాకెట్టు లోపలికి దోపి, ఆ పైన బక్కిల్సు పెట్టండి. జాకెట్టు మీంచి పైట వేసుకుంటే ఫోటోలో బాగుంటుందేమో గానీ దానివల్ల ఉపయోగం సగమే. హవాయి చెప్పులు బురదలో ఇరుక్కుపోతాయి, వెనక పట్టీ ఉన్నవి మేలు. బంగారం ఇంట్లోనే.

పిట్ట కనిపించిందనో, సెల్ఫీ అనో అందరూ ఒక పక్కకి లేవకూడదు. చిన్న బోటు తిరగబడడానికి అదొక్కటి చాలు. ఎక్కేముందే పిల్లలకి, పిల్లలకంటే ముందు అల్లుళ్లకి ఈ మాట చెప్పాలి.

ఇంకొకటి, ఆడవాళ్లం బయటికి అడగలేని సంగతి. చిన్న బోట్లలో బాత్‌రూము ఉండదు, దీవి మీద ఉంటుందన్న నమ్మకం లేదు. నీళ్లు తాగడం మానేసి ఎండలో కూర్చుంటే తలనొప్పి. అందుకే ఎక్కేముందు ఒడ్డునే అందరినీ పంపించి, ప్రయాణం మూడు నాలుగు గంటల్లో ముగిసేలా చూసుకోండి. మన ఇంటివాళ్లకే పడవ మాట్లాడుకోవడంలో పెద్ద సుఖం ఇదే. షుగరున్న పెద్దాయనకి ఇబ్బందిగా ఉంటే "తిప్పెయ్ బాబూ" అనొచ్చు. వేరేవాళ్ల మొహం చూడక్కర్లేదు.

డబ్బాలో ఏం పెట్టాలి?

పడవలో ఘుమఘుమలాడేవి వద్దు. కడుపు తిప్పేవాళ్లకి నూనె వాసన శత్రువు. ఎక్కడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు కారప్పొడి లేకుండా తినాలి. పూర్తిగా ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. చింతపండు పులిహోర మంచిదే గానీ ఇంగువ, నూనె తగ్గించండి. పెరుగన్నం ఎండకి పులుస్తుంది. అరటిపళ్లు, మరమరాలు, మన మామిడి తాండ్ర ముక్కలు, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఇంతే చాలు. అల్లం సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసంలో ఊరబెట్టి చిన్న సీసాలో పెట్టుకుంటే తిప్పినప్పుడు బుగ్గన పెట్టుకోవచ్చు. మరీ బాధపడేవాళ్లు డాక్టరుని అడిగి వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు. అలాంటివాళ్లని పడవ మధ్యలో కూర్చోబెట్టి దూరంగా ఒడ్డు చూడమనండి. ఫోను చూస్తే ఇంకా తిప్పుతుంది. పిల్లలకి పడుతుందో లేదో తెలియకపోతే ముందొకసారి ఆటపాక పక్షుల కేంద్రంలో చిన్న పడవ ఎక్కించి చూడండి.

స్టీలు డబ్బాలు, గుడ్డ సంచీ తీసికెళ్తే మంచిది. కవర్లు గాలికి ఎగిరి నీళ్లలో పడతాయి, తాబేళ్లు తినే వస్తువనుకుంటాయి.

ఏం కనిపిస్తుంది?

బేలోకి వెళ్లగానే దూరంగా ఓడలు నిలబడి ఉంటాయి. ఒడ్డు నుంచి బార్జీల మీద బియ్యం బస్తాలు తీసికెళ్లి ఆ ఓడల్లోకి ఎక్కిస్తారు. మనం వార్చుకునే బియ్యం లాంటివే ఆఫ్రికా దాకా పోతాయి. పిల్లలకి చూపించండి, పుస్తకంలో "ఎగుమతి" అని చదువుకున్నది అదే.

మడ అడవిలోకి పోతే వేరే లోకం. కొన్ని చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వస్తాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి వేరే పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. కొన్ని మడ జాతుల గింజ కాయలో ఉండగానే చెట్టు మీద మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, ఊడి బురదలో గుచ్చుకుంటుంది. కడుపులో బిడ్డని పెంచి పంపినట్టే! రొయ్యలు, పీతలు పిల్లలుగా ఉన్నప్పుడు పెరిగేదీ ఆ వేళ్ల మధ్యనే. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. నీటికుక్కలు, చేపలు పట్టి తినే ఒక రకం అడవి పిల్లులు ఉన్నాయి, అయితే అరిస్తే ఏవీ కనిపించవు.

కోరంగి ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపాన్లకి ఆ రేవు తుడిచిపెట్టుకు పోయింది. ఆ వైపు నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ "కొరంగీలు" అనేవారు.

దీవి మీద దిగనిస్తే ఊరివైపు ఇసుకలోనే ఉండండి. అవతలి వైపు అలలు గట్టివి, అక్కడ పిల్లల్ని దించవద్దు. అక్కడో చిన్న మత్స్యకారుల పల్లె ఉంది. వాళ్లకి మంచినీళ్లు కరువు, చేయి కడుక్కోవడానికి వాళ్ల కుండలోవి అడగడం బాగోదు. మన బిందె మనం తీసికెళ్లాలి.

ఒడ్డెక్కాక ఉప్పు గాలి తగిలిన బట్టల్ని ముందు మామూలు నీళ్లలో జాడించి ఆ తరవాతే సబ్బు పెట్టండి. జరీ ఉన్నవైతే ఆ రోజే జాడించాలి. కాజాలు కొనుక్కునేవాళ్లు వెళ్లేటప్పుడు కాకుండా తిరిగి వచ్చేటప్పుడే కొనండి, పాకం కారి సంచీ అంతా జిగురవుతుంది.