ఎడమ మూత వినిపిస్తోందా?

నేను మృదంగం నేర్పుతాను. పాఠం ఫోన్లో రికార్డు చేసి పంపిస్తే పిల్లలు బస్సుల్లో, రైళ్ళలో వింటూ సాధన చేసుకుంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు తరచూ అనే మాట: “మాస్టారూ, కుడి చెయ్యి బాగానే వినిపిస్తోంది, ఎడమ చేతి వాయింపే అందడం లేదు.” అప్పుడు నేను ఇయర్‌ఫోన్స్ ఎంత పెట్టి కొన్నావని అడగను. చివర తొడిగిన రబ్బరు ఏ సైజుదని అడుగుతాను. చాలామందికి తెలియదు. పెట్టెలోంచి తీసినప్పుడు ఏది తొడిగి ఉందో అదే వాడుతుంటారు. మిగతా రెండు జతలూ చిన్న ప్లాస్టిక్ సంచిలో విప్పకుండానే పడి ఉంటాయి.

మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వముద్ద అద్దేది ఆ గంభీరమైన నాదం కోసమే. ఆ మంద్రధ్వని చెవికి చేరాలంటే ఇయర్‌ఫోన్‌కీ కర్ణభేరికీ మధ్య ఉన్న కాస్త గాలీ బయటికి పోకుండా మూసుకుని ఉండాలి. వెంట్రుకవాసి సందున్నా మంద్రశబ్దాల ఒత్తిడి అందులోంచి జారిపోతుంది, పై శబ్దాలు మాత్రం మిగులుతాయి. అందుకే కుడి మూత మీద ‘నం’ ఖణేల్‌మంటుంది, ఎడమ చేతి గుంకీలు మాయమవుతాయి. పోనీ అంతటితో ఆగుతుందా అంటే, అదే సందులోంచి ఇంజన్ రొద లోపలికి వస్తుంది. ఇంకేం చేస్తారు, వాల్యూమ్ పెంచుతారు.

నా బెంగ అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ గడువు సగమవుతుంది. 89 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి మిగిలేది 5 గంటలే. తాళం, శ్రుతి పట్టుకోవలసిన చెవులు రబ్బరు సైజు తప్పినందుకు దెబ్బతినడం నాకు బొత్తిగా మింగుడుపడదు.

పెట్టుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. చెవి రంధ్రం పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది, పైగా వంకర తిరిగి ఉంటుంది. నేరుగా నెడితే ఇయర్‌ఫోన్ వంపు దగ్గర ఆగిపోతుంది. కుడి చేత్తో కుడి ఇయర్‌ఫోన్ పట్టుకోండి. ఎడమ చేతిని తల వెనకనుంచి తెచ్చి కుడి చెవి దొప్పను పైకీ వెనక్కీ లాగండి. వంపు కాస్త సాపవుతుంది. అప్పుడు అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లోపల కూర్చోబెట్టి చెవి వదిలేయండి. ఇక ఎడమ మూత బాగా పలికే రికార్డు ఏదైనా పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో సుతారంగా అదమండి. నాదం ఒక్కసారిగా నిండుగా వచ్చిందా, ఆ రబ్బరు మీకు చిన్నదైనా అయ్యుండాలి, సరిగ్గా కూర్చోకపోయైనా ఉండాలి. అదిమినా అదమకపోయినా ఒకేలా ఉంటే కుదిరినట్టే. రెండు చెవులకూ ఒకే సైజు కావాలని ఎక్కడా లేదు. నా కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి లార్జ్ పడతాయి. దవడ కదిలితే రంధ్రం ఆకారం కూడా మారుతుంది కాబట్టి, రైల్లో పల్లీలు నములుతూ వినేవాళ్ళకు ఎంత బాగా కుదిరినదైనా సడలుతుంది. మళ్ళీ సర్దుకోవాలి.

సిలికాన్ రబ్బరు ఎంతకీ నిలవనివాళ్ళకు ఫోమ్‌వి దొరుకుతాయి. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, లోపల పెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకుంటే మెల్లగా ఉబ్బి అన్ని వైపులా ఆనుకుంటాయి. ఫోమ్ తొందరగా మెత్తబడి పాడవుతుంది, కొత్తవి కొనుక్కుంటూ ఉండాలి. అయినా నేను వాటివైపే.

“నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది కొంటే ఈ గొడవంతా ఉండదుగా?” అంటారు. కలకత్తా నుంచి అమెరికా వెళ్ళిన బెంగాలీ తండ్రికి పుట్టిన అమర్ బోస్, 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలో ఆ హెడ్‌ఫోన్స్‌కు లెక్కలు వేసుకున్నాడు. బయటి రొదను మైకు విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకరు పుట్టిస్తుంది. ఏసీ బోగీ హోరు, బస్సు ఇంజన్ రొదలాంటి ఎడతెగని మంద్రశబ్దాలకు అది అద్భుతంగా పనిచేస్తుంది. పక్క సీట్లో పాప ఏడుపుకూ, “చాయ్, చాయ్” కేకకూ అంతగా పనిచేయదు. వాటిని ఆపాల్సింది రబ్బరే. రబ్బరు సరిగ్గా మూసుకోకపోతే ఆ ఎదురు తరంగానికీ బలం తగ్గుతుంది.

చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ విషయానికొస్తే, కళ్ళజోడు కాడలు, దుద్దులు, హెడ్‌ఫోన్ మెత్తల కిందికి వచ్చే జుట్టు, ఇవన్నీ సందు చేసేవే. సన్నకాడల కళ్ళజోడైతే నయం. చెవి నొప్పి, చీము ఉన్నప్పుడు మాత్రం ఏవీ పెట్టుకోకుండా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. రబ్బర్లను ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి. గులిమి జాలీలో చేరితే ఒక వైపు శబ్దం తగ్గిపోతుంది.

బాగా కుదిరిన ఇయర్‌ఫోన్స్‌తో రైలు కూత కూడా దూరమవుతుంది. అందుకే ప్లాట్‌ఫారం మీద, పట్టాల దగ్గర, రోడ్డు దాటేటప్పుడు రెండూ తీసేయమని మా పిల్లలకు గట్టిగా చెబుతాను. ఒకటి తీసి ఒకటి ఉంచుకుంటే చాలదు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చుకోవడానికి రెండు చెవులూ తెరిచి ఉండాలి.