శూన్యాసనము నుండి బుద్ధమూర్తికి

మంత్రాలయము చెంత పారు తుంగభద్ర కర్నూలు దాటి కృష్ణలో కలియును. ఆ కృష్ణయే దిగువకు సాగి అమరావతిని చేరును. నీటిదారి ఒకటే, ఆంధ్రదేశపు బౌద్ధము మాత్రము ఎగువసీమలో అక్షరముగను, దిగువసీమలో శిల్పముగను నిలిచినది. పత్తికొండ ప్రాంతమున ఎఱ్ఱగుడి బండలపై అశోకుని ధర్మలిపి నేటికిని కలదు. అందొక శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుట వింత.

బొమ్మకు పల్నాటి సున్నపురాయి కావలసివచ్చెను. లేత ఆకుపచ్చ చాయగల ఆ తెల్లని రాయి మెత్తనిది, ఉలికి లొంగునది.

అమరావతి స్తూపపు పలక ఒకటి నేడు లండను బ్రిటిష్ మ్యూజియమున ఉన్నది. దానికి రెండువైపులను శిల్పమే. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దినాటి ముఖమున బోధివృక్షము, దాని నీడను శూన్యాసనము, చుట్టును చేతులు మోడ్చిన భక్తులు. బుద్ధుడు లేడు, లేడను సంగతినే శిల్పి చెక్కినాడు. ఇంచుమించు మూడువందల ఏండ్లకు అదే పలకను త్రిప్పి మఱియొక శిల్పి స్తూపమును చెక్కెను. దాని వాకిట బుద్ధుడు మానవరూపమున నిలిచియున్నాడు! బుద్ధప్రతిమ ఎట్లు పుట్టినదని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు చూపదగిన సాక్ష్యము ఇంతకంటె సులభమైనది దొరకదు.

మానవరూప బుద్ధుడు అప్పటికే మథురలోను గాంధారములోను వెలసియుండెను. ఆంధ్రశిల్పి ఆ రూపమును తన తీరున మలచుకొనెను: కుడిభుజము అనాచ్ఛాదితము, ఎడమభుజముపై చీవరము, పాదములకడ దాని దళసరి మడత. ఈ తీరే సముద్రముదాటి సింహళమునకును, ఆగ్నేయాసియాకును పోయినది. వచ్చినవియు లేకపోలేదు. నాగార్జునకొండ స్తంభముపై మొనదేలిన టోపీతో శకసైనికుడు కనబడును. పానశృంగమును పట్టిన మూర్తి యవనుల డయోనిససును తలపించును. అచ్చట రోమక నాణెములును దొరకినవి.

అయినను ఈ శిల్పుల అసలు బలము జనసమ్మర్ద చిత్రణమున ఉన్నది. మద్రాసు మ్యూజియములోని నలగిరి ఫలకమును చూడుడు. ఒకే వలయమున ఒకవైపు మదగజము మనుష్యులను తొక్కుచున్నది; భయపడిన స్త్రీ పురుషుని పెనవేసికొన్నది. మఱియొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. రెండు క్షణములు, ఒకే రాయి.

1797లో కర్నల్ మెకంజీ అమరావతికి వచ్చునప్పటికే ఆ దిబ్బ రాళ్లు ఇండ్ల కట్టడములకు తరలిపోవుచుండెను. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన పలకలు మద్రాసుకును, వానిలో పెక్కు 1859లో లండనుకును చేరినవి. అమరావతిలో మిగిలినవి అచ్చటి మ్యూజియమున ఉన్నవి. మహాస్తూపమున్న చోట నేడు చూడదొరకునది గుండ్రని ఇటుకల వేదిక, దానిచుట్టు విఱిగిన కొన్ని రాళ్లు.