కోడలిని ఏడిపించే దుంప

పెరూ దేశంలోని ఆండీస్ కొండల్లో ఒక బంగాళాదుంప పండుతుంది. ఒళ్లంతా బుడిపెలు, సందులు. తొక్క తీయబోతే సగం దుంప తొక్కతోనే పోతుంది. అక్కడివాళ్లు మాట్లాడే కెచువా భాషలో దాని పేరుకు అర్థం ‘కోడలిని ఏడిపించేది’. కొత్త కోడలి చేతికి అత్తగారు ఈ దుంపనిచ్చి, కండ పోకుండా తొక్క తీయమంటుందట. పిల్ల పనితనం ఎంతో అక్కడే తేలిపోతుంది.

కుస్కో నగరానికి దగ్గర్లో, పిసాక్ పట్టణానికి ఎగువన కెచువా ఆదివాసీలు కాపాడుకుంటున్న 1,300కు పైగా రకాల్లో ఇదొకటి. అక్కడి ఊళ్లవాళ్లు కలిసికట్టుగా 9,000 హెక్టార్లకు పైగా ఉన్న తమ కొండలకు ‘బంగాళాదుంప పార్కు’ అని పేరు పెట్టుకున్నారు. టికెట్టు కొని చూసే పార్కు కాదది. వాళ్ల ఇళ్లు, పొలాలు, పచ్చికబయళ్లు, కొలిచే కొండదేవతలు అన్నీ అందులోనే.

ఇన్ని రకాలు ఎందుకంటే, అక్కడ ఎత్తు మారేకొద్దీ వాతావరణం మారిపోతుంది. అందుకే ఒక్కో కుటుంబానికి వేర్వేరు ఎత్తుల్లో చిన్న చిన్న మళ్లుంటాయి. ఒకే మడిలో ఎన్నో రకాలు కలిపి నాటుతారు. ఒకదాన్ని మంచు మాడ్చేస్తే మరొకటి ఇంటిల్లిపాదికీ తిండి పెడుతుంది. పంట తీసిన నేలను కొన్నేళ్లు బీడు పెడతారు. ఇన్ని రకాలు నాటడం పాతకాలపు చాదస్తం కాదు. 1845లో ఐర్లండ్‌లో పేదలు దాదాపు ఒకే రకాన్ని నమ్ముకున్నారు. దానికి తెగులు సోకింది. ఆ కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు.

నాట్లు ఎప్పుడు వేయాలో ఆండీస్ రైతులు ఆకాశాన్ని అడుగుతారు. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండగ రోజుల్లో, ఇంకా తెల్లవారకముందే, ఎముకలు కొరికే చలిలో కొండెక్కి కృత్తికల కోసం చూస్తారు. తెలుగు పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపే అది. వాళ్లు దాన్ని కొల్కా అంటారు, అంటే గాదె. చుక్కలు పెద్దవిగా, మిలమిలా కనిపిస్తే వానలు సకాలంలో పడతాయని లెక్క. మసకబారితే నాట్లు నాలుగు నుంచి ఆరు వారాలు వెనక్కి జరుపుతారు. రోహిణి, మృగశిర కార్తెలంటూ నక్షత్రాల పేర్లతో సేద్యం చేసే తెలుగు రైతుకు ఇది వింతగా తోచదు.

ఈ ఆనవాయితీ కనీసం 400 ఏళ్ల నాటిది. ఇందులో నిజమెంతో తేల్చాలని బెంజమిన్ ఓర్లోవ్, జాన్ చాంగ్, మార్క్ కేన్ అనే పరిశోధకులు ఉపగ్రహ సమాచారాన్ని పరిశీలించి, 2000లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్‌నినో ఏర్పడిన ఏడాది జూన్‌లో చాలా ఎత్తున, కంటికి ఆనని పలుచని మబ్బుతెర కడుతుంది. చుక్కలు మసకబారేది అందుకే. అదే ఎల్‌నినో కొన్ని నెలల తర్వాత ఆ కొండల్లో వానలు తగ్గిస్తుంది. అంచనా ప్రతిసారీ ఫలిస్తుందని కాదు. కానీ పసిఫిక్ సముద్రంలో ఏం జరుగుతోందో తెలియని రైతులు దాని ఫలితాన్ని మాత్రం చుక్కల్లో పట్టుకున్నారు.

ఆ జూన్ మంచును వాళ్లు వృథా పోనివ్వరు. దుంపల్ని రాత్రిళ్లు ఆరుబయట పరుస్తారు, అవి గడ్డకడతాయి. పగటి ఎండకు మెత్తబడ్డాక కాళ్లతో తొక్కి నీరు పిండేస్తారు. ఇలా కొన్నాళ్లు చేసి ఎండబెడితే ‘చునో’ అవుతుంది. ఏళ్ల తరబడి చెడిపోదు.

ఇంత తెలిసినవాళ్ల పొలాల్లోనూ కొన్ని రకాలు కనుమరుగయ్యాయి. అయితే అంతకుముందే సేకరించినవి రాజధాని లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 2004లో ఆ కేంద్రం ఈ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. వైరస్ తొలగించిన 400కు పైగా రకాలు తిరిగి సొంత నేలకు చేరాయి. విత్తనం ఆదివాసీలదేనని ఒక పెద్ద పరిశోధన సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు వేడి పెరిగి, పురుగూ తెగులూ కొండెక్కుతున్నాయి. వాటిని తప్పించుకోవడానికి రైతులు మళ్లను ఇంకా పైకి జరుపుతున్నారు. శిఖరం దగ్గరపడేకొద్దీ సాగునేల తగ్గిపోతుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనూ సామలు, కొర్రలు, కందుల్లో నాటు రకాలు దాచుకున్న గిరిజన మహిళలున్నారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వారి గడపకు అలాంటి ఒప్పందపత్రం పట్టుకుని వెళ్లాలి.