మెట్ట నుంచి కొల్లేటి దాకా ఒక రోజు

మన సొసైటీ ప్రతి డిసెంబరులో స్కాలర్‌షిప్ పిల్లలను ఒక రోజు యాత్రకు తీసుకువెళ్తున్న సంగతి దాతలకు తెలిసిందే. వార్షిక లెక్కల్లో ‘విజ్ఞాన యాత్ర – బస్సు, భోజనం’ అన్న పద్దు చూసి కొందరు పెద్దలు మమ్మల్ని నేరుగానే అడిగారు. ఫీజులు కట్టలేని పిల్లలు ఉన్నారు, కుట్టుమిషను కోసం అర్జీ పెట్టుకున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు, షికారుకు డబ్బు దేనికి అని. అడగవలసిన ప్రశ్నే. ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ ఖర్చులో జకాత్ సొమ్ము ఒక్క రూపాయి కూడా లేదు. అది ఎవరికి చెందాలో వారికే చేరుతోంది. యాత్ర కోసమని విడిగా ఇచ్చిన విరాళాలతోనే బస్సు కదులుతోంది. ఇక ఆ రోజు పిల్లలు ఏం చూస్తారో, అది వాళ్లకు ఎందుకు అవసరమో వెంట వెళ్లే ఉపాధ్యాయులుగా వివరించడం మా బాధ్యత.

మన పిల్లల్లో చాలామంది ఏలూరులో తమ్మిలేరు గట్ల పక్కన, తాడేపల్లిగూడెంలో పల్లపు పేటల్లో ఉంటారు. వరద అంటే వాళ్లకు పుస్తకం చెప్పనక్కరలేదు. బియ్యం డబ్బా మంచం మీదకు, మంచం ఇటుకల మీదకు ఎక్కించడం ఇంట్లో చూసినవాళ్లే. కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోవాలి, ఎందుకు పోవడం లేదు అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. కొల్లేరు వాళ్ల ఇంటికి బస్సులో గంట ప్రయాణం కూడా ఉండదు. అయినా తరగతిలో అడిగితే చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో చేతులెత్తుతారు. అందుకని మా యాత్రను నీటి దారి వెంట వేసుకున్నాం. పొద్దున ఎత్తైన మెట్ట, మధ్యాహ్నం ఏలూరు, సాయంత్రం కొల్లేరు.

తాడేపల్లిగూడెం బస్సు ఫజర్ నమాజు కాగానే బయలుదేరి ద్వారకా తిరుమల మీదుగా కామవరపుకోట దారి పడుతుంది. ఏలూరు పిల్లలు ఇంకో బస్సులో వచ్చి అక్కడ కలుస్తారు. ఊరు దాటే ముందే గోదావరి ఏలూరు కాలువ కనిపిస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు ఈ కాలువలోకి వస్తాయి. ఇది ఏలూరు దాకా వెళ్తుంది. కృష్ణ వైపు నుంచి వచ్చే కాలువ కూడా ఏలూరుకే చేరుతుంది. రెండు నదుల నీళ్లు కలిసే ఊళ్లో పుట్టామని తెలిసినప్పుడు ఏలూరు పిల్లల మొహాలు చూడాలి! రైళ్లు రాకముందు ఈ కాలువల మీద పడవల్లోనే సరుకూ జనమూ నడిచాయని కూడా చెబుతాం.

కొంత దూరం పోయేసరికి నేల రంగు మారుతుంది. నల్లటి వరిమళ్లు వెనకబడి ఎర్రమట్టి, జీడిమామిడి, పామాయిల్ తోటలు మొదలవుతాయి. ఇక్కడ బస్సు ఆపి, దిగి మట్టి చేతిలోకి తీసుకోమంటాం. డెల్టా అంటే నదులు తెచ్చి పోసిన ఒండ్రు, మెట్ట అంటే ఆ ఒండ్రు అందని పాత నేల. మ్యాపులో రంగులు దిద్ది నెల రోజులు చెప్పినా ఎక్కని పాఠం ఆ గుప్పెడు మట్టితో ఎక్కుతుంది.

జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి కొండలు మా మొదటి మజిలీ. రెండు కొండల నడుమ చిన్న లోయ, పైకి మెట్లు. క్రీస్తు పూర్వం రెండు, మూడు శతాబ్దాల నాడే ఇక్కడ బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి నివాసాలు చేసుకున్నారు. గుండ్రటి చైత్యగుహ లోపలికి వెళ్లి తల ఎత్తితే, చుట్టుగుడిసె పైకప్పుకు వాసాలు వేసినట్టే రాతిలో వాసాలు చెక్కి ఉంటాయి. రాతికి వాసాలు ఎందుకు? కొయ్యతో కట్టే అలవాటున్న చేతులు రాయి దొరికినా ఆ కొయ్య రూపాన్నే చెక్కాయి. ఇటువంటి పనే బీహారులోని లోమశ ఋషి గుహ వాకిలి మీద కనిపిస్తుంది. గుహలోని స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. అక్కడ చెప్పులు విడిచి నిశ్శబ్దంగా నిలబడాలని పిల్లలకు ముందే చెబుతాం. గుట్ట మీద పదుల సంఖ్యలో చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలున్నాయి. పెద్ద రాజులు కట్టించినవి ఎన్నో, మామూలు మనిషి తన శక్తి కొద్దీ కట్టించినవి ఎన్నో ఆలోచించమంటాం. దానం గురించి మేము వేరే ఉపన్యాసం ఇవ్వం. కేంద్ర పురావస్తు శాఖ నిబంధన ప్రకారం పదిహేనేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. మా ఖర్చులో అది కొంత ఆదా.

తిరుగు దారిలో పెదవేగి. ఒకప్పటి వేంగి ఇదే. శాలంకాయనులు, వారి తరువాత తూర్పు చాళుక్యులు ఏలిన రాజధాని. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఈ నగరం గురించి రాశాడు. ఇప్పుడు చూడటానికి దిబ్బలూ, ఒకటి రెండు తవ్వకాల గుర్తులూ తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. పిల్లలు కాస్త నిరాశపడతారు. అందుకే ఇక్కడ పావుగంట కన్నా ఆగం. ఏలూరు కోటను కట్టినప్పుడు వేంగి శిథిలాల రాళ్లను వాడారని చెబుతారు. ఆ కోట కూడా ఇప్పుడు ‘కోటదిబ్బ’ అనే పేరుగానే మిగిలింది. రాళ్లు ఊళ్లు మారాయి, అంతే. ఉత్తర సర్కారులు అయిదింటిలో ఏలూరు సర్కారు ఒకటి. 1753లో సలాబత్ జంగ్ దీన్ని మరో మూడింటితో కలిపి ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1765లో మొగలు ఫర్మానాతో ఈ సర్కారులు ఇంగ్లీషువారికి దక్కాయి. ఒక కోట చేతులు మారడమంటే ఏమిటో ఈ రెండు తేదీలతో సరిపెడతాం.

జొహర్ నమాజుకూ భోజనానికీ ఏలూరు చేరతాం. ఊరి దగ్గరకు వచ్చేసరికి తమ్మిలేరు రెండుగా చీలి పట్టణాన్ని చెరో వైపు నుంచీ చుట్టి కొల్లేటికి దిగుతుంది. ఖమ్మం వైపు కొండల్లో కురిసిన వాన ఈ ఏట్లోనే వస్తుంది. మనకు చినుకు లేకపోయినా తమ్మిలేరు ఎందుకు పొంగుతుందో ఇక్కడ వంతెన మీద నిలబెట్టి చెబుతాం. దగ్గర్లోనే తంగెళ్లమూడి తివాచీల పేట. ఏలూరు తివాచీ పనిని పారశీక నేతగాళ్లు తెచ్చారని మన పెద్దలు చెప్పుకుంటారు. తరతరాలుగా దాన్ని నిలబెట్టింది ముస్లిం కుటుంబాలే. కిందటిసారి మాతో వచ్చిన ఒక అమ్మాయి తన నానమ్మ ముడి వేసే పద్ధతిని తోటి పిల్లలకు దారంతో చేసి చూపించింది. ఆ పది నిమిషాలు మేమూ విద్యార్థులమే.

భోజనం తరువాత కైకలూరు రోడ్డు. ఇక్కడి నుంచి అసలు కథ.

మన దాతల్లో కొందరి పిల్లలు బ్రిటన్‌లో ఉన్నారు. స్కాట్లాండులో ఒక్క రోజు బస్సు యాత్రలో సరస్సులు, లోయలు, కోటలు చూసి ఫోటోలు పంపుతుంటారు. అక్కడి లాక్ నెస్ సరస్సు సుమారు 36 కిలోమీటర్ల పొడవు, 230 మీటర్ల లోతు. మంచుయుగంలో హిమానీనదాలు కొండల నడుమ తొలిచిన గొయ్యి అది. ఒడ్డున అర్కర్ట్ కోట శిథిలాలున్నాయి. శత్రువుకు ఉపయోగపడకూడదని 1692లో కాపలా సైన్యమే దాన్ని పేల్చి వెళ్లింది. మన కొల్లేరును ఎవరూ తొలవలేదు. అటు గోదావరి, ఇటు కృష్ణ చెరో డెల్టా పేర్చుకుంటూ పోగా మధ్యలో మిగిలిపోయిన పల్లం ఇది. చాలాచోట్ల ఇద్దరు మనుషుల లోతు కూడా ఉండదు. ఈ తేడా పిల్లలకు బాగా అర్థం కావాలి, ఎందుకంటే కొల్లేటి మంచీ చెడూ అంతా ఆ లోతులేనితనంలోనే ఉంది.

లోతు లేదు కాబట్టి అడుగుదాకా వెలుతురు పడుతుంది, నాచూ చేపా పెరుగుతాయి, కొంగలు నడుస్తూ వేటాడగలుగుతాయి. లోతు లేదు కాబట్టే నాలుగు గట్లు వేసి చెరువు చేసుకోవడమూ తేలిక. లాక్ నెస్‌ను ఎవరు కబ్జా చేయగలరు? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు ఇందులోకి వస్తాయి. బయటకు పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు అరవై కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే నోళ్లు అన్ని, పోయే నోరు ఒకటి. 1970ల తరువాత సరస్సులో చేపల చెరువులు పెరిగాయి. గట్లు లేచిన మేరకు నీరు పరుచుకునే చోటు తగ్గింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించింది. దాంతో సరస్సు కొంత ఊపిరి పీల్చుకున్నమాట నిజం. ఆ చెరువుల మీద కూలి చేసుకునే కుటుంబాలు రోడ్డున పడ్డమాటా నిజమే. రెండూ చెప్పకుండా పిల్లలకు కొల్లేరు చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం. మా బస్సులోనే రెండు వైపుల పిల్లలూ ఉంటారు. తండ్రి చేపల లారీ మీద హమాలీ, లేదా ఇల్లు వరదలో మునిగిన ఇల్లు.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వచ్చి చేరేది కూడా ఈ కొల్లేటికే. టీవీలో ఆ దృశ్యాలు చూసిన పిల్లలు, బస్సు కిటికీలోంచి కొల్లేటిని చూస్తూ ‘ఆ నీళ్లు ఇక్కడికేనా సార్?’ అని అడుగుతారు. చినయెడ్లగాడి దగ్గర ఇదే రోడ్డు మీదికి వరద ఎక్కుతుందని చూపిస్తాం. ప్రశ్న అడిగినవాడే జవాబు వెతుక్కుంటాడు.

అసర్‌కు ముందు ఆటపాక పక్షుల కేంద్రం చేరతాం. చెట్ల మీదా, అటవీ శాఖవారు నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు గూళ్లు కట్టి ఉంటాయి. వాటి సంచిముక్కు చూసి నవ్వని పిల్లవాడు ఉండడు. ఇవి సైబీరియా నుంచి వచ్చాయని చాలామంది అనేస్తారు. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. గూడబాతు మాత్రం మన దేశపు పక్షే, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతుంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ అధ్యాపకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి గూళ్ల కాలనీని చూసి ప్రపంచానికి తెలియజేశారు. తరువాతి దశాబ్దాల్లో అక్కడి గూళ్లు మాయమయ్యాయి. ఒక బడిపంతులు వృత్తివాడు తీరిక వేళల్లో ఇంత పని చేశాడంటే మాకు కాస్త గర్వంగానూ, కాస్త సిగ్గుగానూ ఉంటుంది.

వెలుతురు ఉంటే కొల్లేటికోట దాకా వెళ్తాం. పెద్దింట్లమ్మ ఆలయం ఉన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడ గజపతుల కోట ఉండేదని, ఒడ్డున చిగురుకోట దగ్గర దిగిన ముస్లిం సైన్యం సరస్సును ఖాళీ చేయడానికి ఉప్పుటేరు తవ్వబోయిందని, గజపతుల సేనాని విజయం కోరి తన కూతురినే బలి ఇచ్చాడని కథ. ఆ కాలువకు పేరంటాల కనుమ అనే పేరు అలా వచ్చిందంటారు. కథలో దాడికి వచ్చినవాళ్లు ఎవరో దాచి చెప్పం. పిల్లలు కూడా దాన్ని పట్టించుకోరు. ‘ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?’ అని ఒక తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. మేము చెప్పే జవాబు ఏమీ లేదు.

మగ్రిబ్ కైకలూరులో, ఇషా వేళకు ఇంటికి.

ఆడపిల్లలను పంపడానికి మొదట్లో తల్లులు వెనకాడారు. ఇద్దరు టీచరమ్మలు వెంట ఉంటారని, నమాజు వేళలూ వంటవాడూ మనవేనని చెప్పాక మెల్లగా ఒప్పుకున్నారు. ఇప్పుడు బస్సులో సగానికి పైగా వాళ్లే. దాంతో కొత్త ఇబ్బంది వచ్చింది. సీట్లు చాలక కిందటిసారి ఎనిమిదో తరగతి పిల్లలను ఆపేయవలసి వచ్చింది. వచ్చే డిసెంబరుకు మూడో బస్సు కావాలి. ఆటపాకలో దూరంగా ఉన్న గూళ్లు చూడటానికి నాలుగు బైనాక్యులర్లు ఉన్నా చాలు, ఇప్పుడు ఉన్న ఒక్కదాని కోసం వరస కట్టేసరికి పొద్దు వాలిపోతోంది. వీలున్న దాతలు నవంబరు నెలాఖరులోగా కార్యాలయంలో చెబితే బస్సులు ముందుగా మాట్లాడుకుంటాం. డబ్బుతో పాటు ఒక రోజు తీరిక కూడా ఉన్నవారు మాతోనే ఎక్కవచ్చు, ముందు సీటు ఖాళీగా ఉంచుతాం.