లైకు కొడితే లక్ష వస్తుందా?

దుబాయ్ సోనాపూర్ క్యాంపుల్లో డ్యూటీ దిగి కూర పొయ్యి మీద పెట్టామో లేదో, ఫోన్‌లో మెసేజ్: వీడియోలకు లైకు కొట్టండి, నెలకు లక్ష సంపాదించండి! మొదట పదో ఇరవయ్యో దిర్హాములు నిజంగానే వేస్తారు. తర్వాత ‘టాస్కు’ పేరుతో డిపాజిట్ అడుగుతారు, తిరిగివ్వమంటే ఇంకా కట్టమంటారు. కూలి ఇచ్చేవాడు మన దగ్గర తీసుకుంటాడా? బ్యాంకు ఖాతా అద్దెకు అడిగినా ఇవ్వొద్దు, కేసు మన మీదికే వస్తుంది. మోసపోతే దుబాయ్‌లో 901కి, ఇండియాలో ఇంటివాళ్లయితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

యూట్యూబ్ ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. (షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్.) రోజుకు అరగంట దొరికే మనకు అది ఏళ్ల పని.

మా లెక్కలో సివిల్ డిప్లొమా వాళ్లకు ఆటోక్యాడ్, క్వాంటిటీ లెక్కలే నయం. బార్ బెండింగ్ షెడ్యూలు వేయడం, కాంక్రీటు క్యూబిక్ మీటర్లు తీయడం మనం సైటులో రోజూ చేసేదే. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.89 కిలో అని నిద్రలో అడిగినా చెప్తాం! ఫ్రీలాన్స్ సైట్లలో ఈ పనికి గిరాకీ ఉంది. మొదటి నెలల్లో వచ్చేది రీచార్జి ఖర్చుకే సరి, మంచి పేరు వచ్చాకే రేటు పెరిగేది. శాంపిలుగా కంపెనీ డ్రాయింగులు మాత్రం పెట్టకండి, సొంతంగా గీసినవే పెట్టండి. ఇంకోటి, యూఏఈలో పర్మిట్ లేకుండా రెండో పని చేస్తే జరిమానా, వీసాకే ఎసరు. ముందు కార్మిక శాఖలో పార్ట్‌టైం, ఫ్రీలాన్స్ పర్మిట్ల సంగతి అడిగి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ కొనండి.